అలవాట్లేమీ లేవు, మరి నోటి క్యాన్సర్ ఎలా వచ్చింది?

నోట్లో మానని పుండుతో ఆసుపత్రికి వెళ్తే డాక్టరు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అలవాట్లేమైనా ఉన్నాయా?" ఈ మాటకు అర్థం మన దగ్గర విడమరిచి చెప్పక్కర్లేదు. సిగరెట్టు, మందు. ఆ రెండూ లేనివాళ్ళు కాస్త గట్టిగానే "ఏ అలవాట్లూ లేవండి" అంటారు. పక్కనున్న భార్యో కొడుకో "టీ కూడా తాగరండి" అని సాక్ష్యం చెబుతారు. కేసు షీటులో 'అలవాట్లు లేవు' అని పడిపోతుంది. వారం తర్వాత బయాప్సీ (పుండు నుంచి ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు చేతికొచ్చాక అదే కుటుంబం అదే మాట పట్టుకుని కుమిలిపోతుంది. ఏ అలవాటూ లేని మనిషికి ఇదెలా వచ్చింది?

దీనికి జవాబు ఒకటి కాదు, రెండు. చాలామందికి అలవాటు ఉంది, కానీ దాన్ని వాళ్ళూ అలవాటు అనుకోలేదు, అడిగినవాళ్ళూ అనుకోలేదు. కొంతమందికి మాత్రం నిజంగానే ఏ అలవాటూ లేదు. ఈ రెండు గుంపుల్నీ ఒకే గాటన కట్టేయడం వల్ల ఇద్దరికీ నష్టం జరుగుతోంది. మొదటివాళ్ళకు మానుకోవాల్సింది ఏమిటో తెలియడం లేదు. రెండోవాళ్ళకు జబ్బు వచ్చే వీలుందన్న సంగతే తట్టడం లేదు.

ముందు లెక్కలు చూద్దాం. 2022లో మన దేశంలో సుమారు 1,43,800 మందికి కొత్తగా నోటి క్యాన్సర్ వచ్చిందని, దాదాపు 80 వేల మంది దానితో చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. పెదవి క్యాన్సర్లు కూడా ఇందులోనే కలిసి ఉన్నాయి. ప్రపంచం మొత్తం మీద ఆ ఏడాది వచ్చినవి 3,89,800. అంటే మూడో వంతుకు పైగా మన దేశంలోనే. ఇదే సంస్థ పరిశోధకులు 2024లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో ఇంకో లెక్క ప్రచురించారు. కాల్చని పొగాకు వల్ల, వక్క వల్ల వచ్చిన నోటి క్యాన్సర్లు ఎన్ని అన్నది ఆ లెక్క. ప్రపంచంలో 1,20,200, అందులో భారతదేశంలో 83,400. మన కేసుల్లో ప్రతి వందలో 58 అన్నమాట.

ఈ 58 మందిలో సిగరెట్టు ముట్టనివాళ్ళు, మందు వాసన పడనివాళ్ళు ఎందరో ఉంటారు. "పొగ తాగుతారా, మందు తాగుతారా" అని అడిగితే వాళ్ళు చెప్పే "లేదండి" అబద్ధం కాదు. ప్రశ్నే తప్పు. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పొగ తాగే పెద్దవాళ్ళు 10.7 శాతం అయితే, పొగాకు నమిలేవాళ్ళు, పళ్ళకు రుద్దుకునేవాళ్ళు, ముక్కుపొడిగా పీల్చేవాళ్ళు 21.4 శాతం. సరిగ్గా రెట్టింపు. ఆడవాళ్ళలో తేడా మరీ ఎక్కువ. పొగ తాగేవాళ్ళు 2 శాతం, ఇతర రూపాల్లో పొగాకు వాడేవాళ్ళు 12.8 శాతం. మన రెండు రాష్ట్రాల మధ్య కూడా తేడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పొగ తాగడం ఎక్కువ, తెలంగాణలో నమలడం ఎక్కువ. పైగా ఇవి పొగాకు లెక్కలు మాత్రమే. పొగాకు లేని వట్టి వక్క, వక్కపొడి, పాన్ మసాలా ఈ లెక్కలోకి రావు.

వక్క దగ్గర కాసేపు ఆగాలి. తెలుగువాళ్ళకు దీన్ని అనుమానించడం చాలా కష్టం. పెళ్ళి నిశ్చయమైతే తాంబూలాలు మార్చుకుంటాం. నోముకి పిలిచిన ముత్తైదువకి ఆకు, వక్క, పండు చేతిలో పెట్టి పంపిస్తాం. విందు భోజనం అయ్యాక కిళ్ళీ లేకపోతే ఏదో లోటుగా ఉంటుంది. దేవుడి ముందు పెట్టే వస్తువు జబ్బు తెస్తుందంటే మనసు ఒప్పదు. కానీ 2003లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిపుణులు సమావేశమై, పొగాకు కలిసినా కలవకపోయినా వక్క మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేల్చి, దాన్ని మొదటి గ్రూపులో పెట్టారు. సిగరెట్టు పొగ ఉన్నది కూడా ఆ గ్రూపులోనే. తైవాన్‌లో తరతరాలుగా నమిలే తాంబూలంలో పొగాకు కలపరు. అయినా అక్కడ నోటి క్యాన్సర్ పెద్ద సమస్య. తప్పంతా పొగాకుది, వక్కది ఏమీ లేదు అనే వాదన అక్కడ నిలబడలేదు.

వక్క చేసే పని నోట్లోకి తొంగి చూస్తే కనిపిస్తుంది. వక్కలోని అరెకోలిన్ అనే రసాయనం చెంప లోపలి పొరలో పీచు కణజాలం పెరిగేలా చేస్తుంది. అలా పెరిగిన పీచు మామూలుగా కరిగిపోవాలి. వక్కలోని వగరు పదార్థాలు, రాగి కలిసి దాన్ని కరగనివ్వకుండా గట్టిపరుస్తాయి. మెత్తటి గుడ్డలా సాగాల్సిన పొర క్రమంగా తోలులా బిగుసుకుంటుంది. మొదట్లో తెలిసేది కారం. ఇన్నాళ్ళూ ఇష్టంగా తిన్న ఆవకాయ ముద్ద నోట్లో పెట్టగానే భగ్గుమంటుంది. మనిషి కారం తగ్గించి పెరుగన్నంలోకి దిగుతాడు. ఇంట్లోవాళ్ళు అల్సర్ అనుకుంటారు. ఇంకొన్నాళ్ళకు పానీపూరీ నోట్లో పట్టదు, విరిచి తినాల్సి వస్తుంది. ఆవలిస్తే దవడ లాగుతుంది. చెంప లోపల వేలు పెట్టి తడిమితే నిలువుగా తాళ్ళు సాగదీసినట్టు తగులుతాయి. రంగు గులాబీ పోయి పాలిపోతుంది. మామూలు నోరైతే మన చేతివేళ్ళే మూడు నిలువుగా పళ్ళ మధ్య పడతాయి. ఈ జబ్బు ముదిరినవాళ్ళకు రెండు కూడా పట్టవు, కొందరికి ఒకటే.

దీన్ని డాక్టర్లు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌కి ముందు మెట్టు. 1952లో ష్వార్ట్జ్ అనే వైద్యుడు కెన్యాలో స్థిరపడిన అయిదుగురు భారతీయ మహిళల్లో దీన్ని గుర్తించి రాశాడు. మరుసటి ఏడాది బొంబాయి నుంచి డాక్టర్ జోషి రాశారు. సముద్రం దాటి వెళ్ళినా వక్క అలవాటు వాళ్ళతోనే వెళ్ళింది, దానితో జబ్బూ వెళ్ళింది. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో ఈ జబ్బు ఉన్నవాళ్ళను 17 ఏళ్ళు గమనిస్తే 7.6 శాతం మందికి క్యాన్సర్‌గా మారింది. బిగుసుకున్న పొర మళ్ళీ పూర్తిగా మామూలు స్థితికి రాదు. వక్క మానేస్తే ముదరడం తగ్గుతుంది. వ్యాయామాలు, ఇంజెక్షన్లు, అవసరమైతే ఆపరేషన్‌తో నోరు కొంత తెరుచుకుంటుంది. కానీ చెక్ చేయించుకోవడం మాత్రం జీవితాంతం మానకూడదు.

పెళ్ళికో పేరంటానికో ఎప్పుడో ఒక తాంబూలం వేసుకునేవాళ్ళు కంగారుపడాలని కాదు. ముప్పు పెరిగేది రోజుకు ఎన్నిసార్లు, ఎన్నేళ్ళుగా, ఎంతసేపు చెంపలో పెట్టుకుంటున్నారు అన్నదాన్ని బట్టి. అసలు భయపడాల్సింది రూపాయికీ రెండు రూపాయలకీ బడి పక్క కొట్టులో దొరికే తియ్యటి వక్కపొడి ప్యాకెట్ల గురించి. దాన్ని పిల్లలు చాక్లెట్టులా తింటారు, పెద్దలు ఏమీ అనరు. పొగాకు కాదు కదా అనుకుంటారు. పొగాకు ప్యాకెట్ మీద 2016 నుంచి 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక వేయాలి. చూడగానే కడుపులో తిప్పే బొమ్మ అది. వక్కపొడి ప్యాకెట్ మీద 'ఆరోగ్యానికి హానికరం' అన్న వాక్యం ఉంటుంది, బొమ్మ ఉండదు. పదేళ్ళ పిల్లవాడు ఏ ప్యాకెట్ చూసి ఆగుతాడో చెప్పక్కర్లేదు.

గుట్కా నిషేధం సంగతి కూడా ఇలాగే సగంలో ఆగింది. ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదని 2011 నిబంధనల్లో ఉంది. దాన్ని ఆధారం చేసుకుని 2012లో మధ్యప్రదేశ్ మొదట గుట్కాను నిషేధించింది. తర్వాత ఒక్కో రాష్ట్రం అదే దారి పట్టింది, మన రెండు రాష్ట్రాలతో సహా. కంపెనీలు పాన్ మసాలా ఒక ప్యాకెట్‌లో, పొగాకు ఇంకో ప్యాకెట్‌లో అమ్మడం మొదలుపెట్టాయి. కొన్నవాడే రెండూ చింపి కలుపుకుంటాడు. నోట్లోకి వెళ్ళేది మాత్రం అదే గుట్కా.

ఉత్తరాంధ్ర దగ్గరికొస్తే, అడగని ప్రశ్న ఎంత నష్టం చేస్తుందో తెలియజేసే పాత ఉదాహరణ ఒకటుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్ళు అడ్డపొగ తాగేవారు. చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం అది. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి క్యాన్సర్ మిగతా ప్రపంచంలో అరుదు, ఇక్కడ మాత్రం తరచుగా కనిపించేది. 1960లలో దంత పరిశోధకుడు ఫలీ మెహతా, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్ బృందం దేశంలో అయిదు జిల్లాలు ఎంచుకుని ఊరూరా తిరిగి 50 వేల మందికి పైగా నోళ్ళు పరీక్షించింది. ఆ అయిదింటిలో శ్రీకాకుళం ఒకటి. ఆసుపత్రిలో కూర్చుని 'సిగరెట్టు తాగుతావా అమ్మా' అని అడిగితే ఆ సంగతి బయటపడేది కాదు. మన ఇళ్ళలో ముక్కుపొడితో పళ్ళు తోముకునే పెద్దావిడా ఇంతే. ఆమె దృష్టిలో అది పళ్ళపొడి. కాబట్టి అడగాల్సింది అలవాట్లున్నాయా అని కాదు. 'ఆకు, వక్క, కిళ్ళీ, వక్కపొడి, పాన్ మసాలా, ఖైనీ, జర్దా, ముక్కుపొడి, వీటిలో ఏదైనా ఎప్పుడైనా వాడారా? ఏ చెంపలో పెట్టుకునేవారు?' అని పేరు పేరునా అడగాలి. ఏళ్ళ కిందట మానేసినవాళ్ళను కూడా.

ఇవన్నీ పేరు పేరునా అడిగాక కూడా 'లేదు' అనేవాళ్ళు మిగులుతారు. పైన చెప్పిన 58 పోగా మిగిలిన 42లో బీడీ, సిగరెట్టు, చుట్ట, మద్యం వాటా తీసేసినా కొందరు ఉంటారు. ఒక్కో ఆసుపత్రి లెక్కలో వీళ్ళ శాతం ఒక్కోలా ఉంటుంది. ఆ ఆసుపత్రికి ఎలాంటివాళ్ళు వస్తారు, వాళ్ళను ఏమని అడిగారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. కాబట్టి ఒక్క ఆసుపత్రి అంకె పట్టుకుని దేశం మొత్తం ఇంతే అనడం సరికాదు. అలాగని వీళ్ళు లేరనడం అంతకంటే తప్పు.

వీళ్ళ జబ్బు వచ్చే చోటే వేరుగా ఉంటుంది. నమిలేవాళ్ళకు చెంప లోపల, కింది చిగురుకూ చెంపకూ మధ్య ఉండే సందులో ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే ముద్ద నిలిచేది అక్కడే. ఏ అలవాటూ లేనివాళ్ళలో ఎక్కువగా నాలుక పక్క అంచున వస్తుంది. వీళ్ళలో వయసు మళ్ళిన ఆడవాళ్ళు ఉంటారు, నలభై కూడా దాటనివాళ్ళూ ఉంటారు. యువతలో, ముఖ్యంగా యువతుల్లో, నాలుక క్యాన్సర్ పెరుగుతోందని అనేక దేశాల రికార్డులు చూపిస్తున్నాయి. కారణం ఇదీ అని ఒక్క వేలితో చూపించగలిగేది శాస్త్రం దగ్గర ఇంకా లేదు.

ఈ ఖాళీలోకి వెంటనే దూరే పేరు హెచ్‌పీవీ వైరస్. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్ ఇదే. వార్తల్లో 'నోటి క్యాన్సర్‌కు హెచ్‌పీవీ' అని చదివి టెన్షన్ పడేవాళ్ళు ఒక తేడా తెలుసుకోవాలి. ఈ వైరస్ ఎక్కువగా క్యాన్సర్ తెచ్చేది గొంతు భాగంలో, అంటే టాన్సిల్స్‌లో, నాలుక మొదట్లో. అమెరికాలో ఆ చోట వచ్చే క్యాన్సర్లలో దాదాపు 70 శాతం దీనివల్లే. మనం అద్దంలో చూడగలిగే నాలుక ముందు భాగం, చెంప, చిగుళ్ళలో వచ్చే క్యాన్సర్లలో దీని పాత్ర చాలా తక్కువ. అందుకే టాన్సిల్ క్యాన్సర్‌కి ఈ వైరస్ పరీక్ష తప్పకుండా చేస్తారు, నాలుక అంచున వచ్చినదానికి మామూలుగా చేయరు. పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన హెచ్‌పీవీ టీకా సర్వావాక్ 2023 నుంచి అందుబాటులో ఉంది. ఆడపిల్లలకు అది వేయించడానికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఒక్కటే చాలినంత కారణం.

రెండో అనుమానం పన్ను. విరిగి మొనదేలిన దంతం, సరిగ్గా కూర్చోని కట్టుడుపళ్ళ సెట్టు ఒకే చోట నాలుకను ఏళ్ళ తరబడి గీరుతూ ఉంటే అక్కడ క్యాన్సర్ వస్తుందా? ఏ అలవాటూ లేనివాళ్ళలో పుండు సరిగ్గా ఆ పన్నుకు ఎదురుగానే ఉండటం వైద్యులు చూస్తూనే ఉన్నారు. కానీ గడ్డ పెరిగి నాలుక ఉబ్బడం వల్ల పన్ను తగులుతోందా, పన్ను తగలడం వల్ల గడ్డ వచ్చిందా అన్నది విడదీయడం తేలిక కాదు. ఒరిపిడి ఒక్కటే క్యాన్సర్‌ని పుట్టిస్తుందన్న రుజువు గట్టిగా లేదు, ఇతర కారణాలకు అది తోడవుతుందన్న మాటకు బలం ఉంది. ఎటైనా మొనదేలిన పన్నును అరగదీయడం అయిదు నిమిషాల పని. చేయించుకోకుండా ఉండటానికి కారణమే లేదు. ఇక్కడ అసలు ప్రమాదం వేరే ఉంది. 'పన్ను గీసుకుని పుండు పడింది' అనే కారణం దొరికాక ఇక ఎవరూ ఆ పుండును చూడరు. పన్ను అరగదీసిన రెండు వారాల్లో పుండు మానిపోవాలి. మానలేదంటే పన్ను ఆ కథలో లేదన్నట్టే.

మూడోది తెల్ల మచ్చ. గీకితే పోని, ఇంకే జబ్బుగానూ తేలని తెల్ల మచ్చను ల్యూకోప్లేకియా అంటారు. ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పొగాకు వాడేవాడి నోట్లో తెల్ల మచ్చ కంటే ఏ అలవాటూ లేని మనిషి నోట్లో తెల్ల మచ్చే ఎక్కువ అనుమానించాల్సింది. పొగాకు వల్ల వచ్చిన మచ్చ అది మానేస్తే చాలాసార్లు తగ్గుతుంది. ఏ కారణమూ లేకుండా వచ్చినదానికి మానేయడానికి ఏమీ లేదు, కణాల్లో జరిగిన మార్పే దానికి మూలం. ఇందులోనే ఇంకో రకం ఉంది. వయసు మళ్ళిన ఆడవాళ్ళలో, అదీ అలవాట్లేమీ లేనివాళ్ళలో, చిగుళ్ళ మీద తెల్లగా మొదలై ఏళ్ళ మీద నెమ్మదిగా ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకుతుంది. తీసినా మళ్ళీ వస్తుంది. ఈ రకం ఉన్నవాళ్ళలో చాలామందికి చివరికి క్యాన్సర్‌గా మారుతుంది. మచ్చ ఎర్రగా ఉంటే, తెలుపు ఎరుపు కలిసి ఉంటే ఇంకా తొందరపడాలి. లైకెన్ ప్లేనస్ అని చెంపల లోపల తెల్లటి అల్లికలా వచ్చే జబ్బు ఇంకొకటి. అది క్యాన్సర్‌గా మారేది నూటికి సుమారు ఒకరికి. కాబట్టి భయపడనక్కర్లేదు గానీ డాక్టరు చెప్పిన గడువుకు చూపించుకుంటూనే ఉండాలి.

మిగతా కారణాలు చిన్నవో అరుదైనవో. ఫాంకోని ఎనీమియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు, మూలుగ మార్పిడి తర్వాత వచ్చే సమస్యలు, కింది పెదవికి ఏళ్ళ తరబడి ఎండ, పళ్ళూ కూరగాయలూ లేని తిండి, ఇంట్లో ఇంకొకరు వదిలే పొగ. వీటన్నిటినీ మించి వయసు. కణం విడిపోయిన ప్రతిసారీ ఎక్కడో ఒక పొరపాటు జరిగే వీలుంది. ఎవరి తప్పూ లేకుండానే ఆ పొరపాట్లు పోగుపడతాయి. ఈ మాట ముఖ్యంగా బంధువులు వినాలి. పలకరించడానికి వచ్చి "లోపల్లోపల ఏమైనా వాడేవాడా" అని భార్యను పక్కకు పిలిచి అడిగేవాళ్ళు ఆ ఇంటికి చేసే గాయం చిన్నది కాదు. ఇక "వాడికి ఏ అలవాటూ లేదు, అయినా వచ్చింది, మనం మానేసి ఏం లాభం" అని సిగరెట్టు వెలిగించుకునేవాళ్ళు పైన లెక్క ఇంకోసారి చూడాలి. వందలో 58 కేసులు కేవలం నమిలే పొగాకు, వక్క వల్లే. హెల్మెట్ పెట్టుకున్నవాడు కూడా ఒకడు పోయాడు కదా అని ఎవరూ హెల్మెట్ తీసి పక్కన పెట్టరు.

ఏ అలవాటూ లేనివాళ్ళకు కారణం తెలియకపోవడం కంటే ఎక్కువ నష్టం చేసేది ఆలస్యం. నోట్లో పుండు పడితే మన ఇళ్ళలో మొదటి మాట 'వేడి చేసింది'. మజ్జిగ, సబ్జా గింజలు, కొబ్బరి నీళ్ళు. వారం పోయాక బీ కాంప్లెక్స్ మాత్రలు. ఇంకో వారానికి మెడికల్ షాపులో అడిగి జెల్లు. తర్వాత ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర యాంటీబయాటిక్. అలా రెండు నెలలు గడుస్తాయి. సిగరెట్టు తాగేవాడికైతే ఇంట్లోవాళ్ళకు ఎక్కడో భయం ఉంటుంది, పోరు పెట్టి తీసుకెళ్తారు. ఏ అలవాటూ లేని నలభై ఏళ్ళ గృహిణి విషయంలో ఆ భయం ఎవరికీ రాదు. డాక్టరుకు కూడా రాదు. చాలాసార్లు ఆమెకు నొప్పి కూడా ఉండదు.

మామూలు నోటి పూతకూ దీనికీ తేడా ఇంట్లోనే చాలావరకు తెలుస్తుంది. పూత మొదటి రోజు నుంచే సుర్రుమంటుంది, చిన్నగా గుండ్రంగా మెత్తగా ఉంటుంది, వారం పది రోజుల్లో పోతుంది. మళ్ళీ వచ్చినా ఇంకోచోట వస్తుంది. అనుమానించాల్సిన పుండు ఒకేచోట ఉంటుంది, అంచులు కాస్త లేచి ఉంటాయి. వేలితో నొక్కితే చుట్టూ గట్టిగా, లోపల చిన్న గింజ ఉన్నట్టు తగులుతుంది. తాకితే నెత్తురు రావచ్చు. రెండు, మహా అయితే మూడు వారాల్లో మానని ఏ పుండునైనా, ఎవరి నోట్లో ఉన్నా, చూపించాల్సిందే. కారణం లేకుండా ఒక పన్ను కదలడం, పీకించాక ఆ గుంట మానకపోవడం, నాలుక ఒకవైపు మొద్దుబారడం, మింగితే చెవిలో నొప్పి, మెడలో నొప్పి లేని గడ్డ కూడా ఇదే కోవలోకి వస్తాయి.

చూసుకోవడం కష్టమేమీ కాదు. మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడి, ఫోన్ లైటు వేసి, రెండు చెంపలూ వేలితో బయటికి లాగి చూడాలి. నాలుక కొసను శుభ్రమైన గుడ్డతో పట్టుకుని ఒకవైపుకు బాగా లాగి వెనక దాకా అంచు చూడాలి. తర్వాత రెండో వైపు. చాలామంది నాలుక పైభాగం చూసుకుని అయిపోయిందనుకుంటారు. అంచు, నాలుక కింద భాగమే ముఖ్యం. కట్టుడుపళ్ళుంటే తీసి ఆ చోటు చూడాలి.

ఇలా అందరి నోళ్ళూ పరీక్షించుకుంటూ పోతే మరణాలు తగ్గుతాయా అన్న ప్రశ్నకు తిరువనంతపురంలో జవాబు వెతికారు. 1996లో అక్కడి ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం పదమూడు ప్రాంతాల్లో 35 ఏళ్ళు దాటిన సుమారు 1.9 లక్షల మందితో పెద్ద అధ్యయనం మొదలుపెట్టింది. శిక్షణ పొందిన కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళి నోళ్ళు చూశారు. పొగాకు, మద్యం వాడేవాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో ఫలితం వచ్చింది. వాడనివాళ్ళలో అలాంటి లాభం కనిపించలేదు, వాళ్ళలో జబ్బే తక్కువ కాబట్టి. అంటే ఏ అలవాటూ లేనివాళ్ళను కాపాడేది ఇల్లిల్లూ తిరిగే స్క్రీనింగ్ కంటే, పుండు పడినప్పుడు దాన్ని పట్టించుకోవడం. ప్రభుత్వ కార్యక్రమంలో 30 ఏళ్ళు దాటినవాళ్ళ దగ్గరికి ఆశా కార్యకర్త ఒక ఫారంతో వస్తుంది. అందులో గుట్కా, ఖైనీ ప్రశ్నతో పాటు నోట్లో మానని పుండు ఉందా, తెల్ల, ఎర్ర మచ్చ ఉందా, నోరు తెరవడం కష్టంగా ఉందా అనే ప్రశ్నలూ ఉంటాయి. ఆ రెండో రకం ప్రశ్నలు అలవాట్లతో పని లేకుండా అందరికీ. వాటిని 'లేదు, లేదు' అని గబగబా టిక్కు పెట్టించుకుని పంపేయకూడదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాక ఇంకో అడ్డు ఉంది. "ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందట" అన్న భయం. ఈ మాట మన ఊళ్ళలో ఎంత బలంగా ఉందంటే, బయాప్సీ అన్న పేరు వినగానే లేచి వచ్చేసి నాటుమందు వైపు వెళ్ళేవాళ్ళున్నారు. బయాప్సీ వల్ల నోటి క్యాన్సర్ పాకిపోదు. బయాప్సీ అయ్యాక ముదిరినట్టు కనిపించేవాళ్ళలో చాలామంది నెలల ఆలస్యం తర్వాత వచ్చినవాళ్ళు, లేదా రిపోర్టు వచ్చాక వైద్యం మొదలుపెట్టకుండా తిరిగినవాళ్ళు. చేసేది చిన్న పని. పన్ను పీకేటప్పుడు ఇచ్చే మత్తు ఇంజెక్షనే ఇచ్చి పుండు అంచు నుంచి బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద ముక్క తీసి, ఒకటి రెండు కుట్లు వేస్తారు. ఆ రోజే ఇంటికి వెళ్ళొచ్చు.

రిపోర్టులో క్యాన్సర్ అని తేలితే నోట్లో వచ్చినదానికి మొదటి వైద్యం చాలావరకు ఆపరేషన్. నాలుక మీద పుండు చిన్నదే కదా, మెడ ఎందుకు కోస్తారు అని చాలామంది అడుగుతారు. ఈ ప్రశ్నకు ప్రపంచానికంతటికీ జవాబు చెప్పింది ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రే. తొలి దశ రోగుల్లో కొందరికి నోటి ఆపరేషన్‌తో పాటే మెడలోని గ్రంథులు తీసేశారు, మిగతావాళ్ళకు మెడలో గడ్డ కనిపించాకే తీశారు. మూడేళ్ళ తర్వాత చూస్తే ముందే తీయించుకున్నవాళ్ళలో 80 శాతం మంది, ఆగినవాళ్ళలో 67.5 శాతం మంది బతికున్నారు. 2015లో ఆ ఫలితాలు వచ్చాక తొలి దశలోనే మెడ గ్రంథులు తీయడం మరింత మామూలైంది. కాబట్టి సర్జన్ మెడ ఆపరేషన్ కూడా కలిపి చెబితే అది జబ్బు ముదిరిందని కాదు, ముదరకముందే చేస్తున్నారని.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఈ వైద్యం చేస్తున్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. ఒకచోట బయాప్సీ చేయించుకుని ఇంకోచోటికి వెళ్ళేవాళ్ళు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే సరిపోదు. ఆ ముక్కతో తయారుచేసిన గాజు స్లైడ్లు, చిన్న మైనపు బ్లాకులు ల్యాబులో భద్రంగా ఉంటాయి. అవి అడిగి తీసుకెళ్తే కొత్త ఆసుపత్రిలో మళ్ళీ ముక్క తీయాల్సిన పని చాలాసార్లు తప్పుతుంది, వైద్యం త్వరగా మొదలవుతుంది.